ఎడారిలో గుంపుగా నడవటానికి వెళ్ళేవారికి: పంపే ముందు, బయలుదేరే ముందు తెలుసుకోవలసినవి



పోయిన వారం బడి వదిలే వేళకు ఒక తల్లి ఆఫీసుకు వచ్చింది. ఆమె కొడుకు మన దగ్గరే పదో తరగతి చదివి, ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు. "సార్, మా పిల్లగాడు దోస్తులతోని రాజస్థాన్ ఎడారికి పోతనంటున్నడు. ఇసుకల నడుసుడు, గుడారంల పండుడు అంట. పంపుమంటరా, వద్దంటరా?" అని అడిగింది. అదే ప్రశ్న ఈ నెలలో ఇంకో ఇద్దరు అడిగారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే కన్నా అందరికీ పనికివచ్చేలా రాస్తే మేలని ఇది రాస్తున్నాను.

నా జవాబు ముందే చెప్పేస్తాను. పంపండి. కానీ ఎవరితో పంపుతున్నారో చూసి పంపండి. ఎడారిలో మనిషిని కాపాడేది కండబలం కాదు, వెంట ఉన్న గుంపు. ఆ గుంపు మంచిదైనా సరే, మన ఒంట్లో బాగాలేదని మనం నోరు తెరిచి చెప్పకపోతే అది కూడా ఏమీ చెయ్యలేదు.

ఎక్కడికి, ఎప్పుడు?

మన దేశంలో ఇలాంటి యాత్రలు ఎక్కువగా జరిగేది థార్ ఎడారిలో, రాజస్థాన్‌లోని జైసల్మేర్ చుట్టుపక్కల. ఊరికి పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో సమ్ ఇసుక తిన్నెలు ఉన్నాయి. నైరుతి వైపు ఖురీ అనే ఊరి దగ్గర ఇంకొన్ని ఉన్నాయి. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వంటి సంస్థలు చలికాలంలో ఇక్కడ ట్రెక్కింగ్ శిబిరాలు నడుపుతుంటాయి. ప్రైవేటు నిర్వాహకులు కూడా చాలామంది ఉన్నారు.

వెళ్ళవలసిన కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. వేసవి సెలవుల్లో వెళ్దామనే ఆలోచన మానుకోండి. జైసల్మేర్ పక్కనున్న ఫలోదిలో 2016 మే 19న 51 డిగ్రీల ఎండ నమోదైంది. "మనం షోలాపూర్ వాళ్ళం, ఎండ మనకు కొత్తనా?" అని మన పిల్లలకు ఒక ధీమా ఉంటుంది. మన ఎండలో చెట్టు నీడ ఉంటుంది, మూల మీద చెరుకు రసం బండి ఉంటుంది. అక్కడ ఆ రెండూ ఉండవు.

చలికాలంలో పగలు 23, 24 డిగ్రీలుండి నడకకు హాయిగా ఉంటుంది. రాత్రి ఏడెనిమిది డిగ్రీలకు దిగుతుంది, కొన్ని రాత్రులు ఇంకా కిందికి పోతుంది. ఇంత తేడా ఎందుకంటే, గాలిలో తేమ, ఆకాశంలో మబ్బు పగటి వేడిని రాత్రి పూట దుప్పటిలా పట్టి ఉంచుతాయి. ఎడారిలో ఆ దుప్పటి ఉండదు. పైపైన వేడెక్కిన ఇసుక పొద్దు గూకగానే ఆ వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. బడిలో సైన్సులో ఉష్ణవికిరణం అని చదివిన పాఠం అక్కడ ఒంటికి తెలుస్తుంది.

వాళ్ళు మిమ్మల్ని ఏమడిగారు?

గుంపును ఎంచుకునేటప్పుడు అందరూ మొదట అడిగేది "ఎంత ఖర్చు? భోజనం ఏం పెడతారు?" అని. అవి అడగండి, తప్పు లేదు. అంతకన్నా ముఖ్యం, వాళ్ళు మిమ్మల్ని ఏమడిగారన్నది. వయసు, జబ్బులు, మందులు, ఇంట్లో ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఇంతకు ముందు ఎంత దూరం నడిచారు అని అడిగేవాళ్ళు, డాక్టరు సర్టిఫికెట్ కావాలనేవాళ్ళు పని తెలిసినవాళ్ళు. డబ్బు కట్టగానే "వచ్చెయ్యండి" అనేవాళ్ళ విషయంలో ఆలోచించండి.

తరువాత మీరు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

1. రోజుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తారు? అందులో ఇసుక ఎంత, గట్టి నేల ఎంత? ఇసుక మీద ఐదు కిలోమీటర్లు రోడ్డు మీద పది కిలోమీటర్లంత పని చేయిస్తాయి.

2. నీళ్ళు ఎక్కడెక్కడ అందుతాయి? నీళ్ళ బండి రాకపోతే ఏం చేస్తారు?

3. అందరికంటే వెనక ఎవరు నడుస్తారు? ముందు నడిచే గైడు గురించి అందరూ చెబుతారు. వెనక నడిచే మనిషి గురించి వెంటనే చెప్పగలిగితే అది మంచి గుంపు.

4. ఎవరికైనా బాగాలేకపోతే ఎంతసేపట్లో బండి వస్తుంది, ఏ ఆసుపత్రికి తీసుకుపోతారు?

ఈ ప్రశ్నలు నాకు పుస్తకంలో దొరికినవి కావు. ఎలా వచ్చాయో చెబుతాను.

నా తప్పు

కొన్నేళ్ళ కింద డిసెంబరులో ఇద్దరు తోటి టీచర్లతో కలిసి నేనూ వెళ్ళాను. మేము పోయిన నిర్వాహకులు మమ్మల్ని ఏమీ అడగలేదు. నాకు బీపీ ఉంది, రోజూ మాత్ర వేసుకుంటాను. వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు. గుంపులో ఎక్కువమంది పాతికేళ్ళ లోపు పిల్లలు. వాళ్ళ ముందు మాస్టారు బలహీనంగా కనబడటమేమిటని నా లోపల ఉంది.

రెండో రోజు పొద్దున చలికి నీళ్ళు తాగబుద్ధి కాలేదు. పదకొండింటికి వస్తుందన్న నీళ్ళ జీపు రాలేదు. కాసేపటికి తల తిరగటం మొదలైంది. "బూటులో ఇసుక పడింది, మీరు పదండి, వస్తాను" అని అబద్ధం చెప్పి కూర్చున్నాను. వాళ్ళు తిన్నె ఎక్కి అవతలికి దిగారు. అంతే, మనుషులు లేరు, మాట లేదు. లేచి చూస్తే అన్ని తిన్నెలూ ఒకేలా ఉన్నాయి. గాలికి అడుగుల గుర్తులు అప్పటికే పూడిపోతున్నాయి. వెనక ఎవరినీ పెట్టలేదు కాబట్టి, లెక్క పెట్టలేదు కాబట్టి, నేను లేనని వాళ్ళకు తెలియనే లేదు.

మేకలు కాసుకునే ఒక పిల్లవాడు చూసి నన్ను వాళ్ళ ఢాణీకి తీసుకుపోయాడు. ఢాణీ అంటే నాలుగైదు గుడిసెల పల్లె. ఒక ముసలమ్మ లోటాతో నీళ్ళిచ్చింది, ఇంకో లోటా ఇచ్చింది. ఆ నీళ్ళు ఎక్కడివో తరువాత తెలిసింది. ఇంటి ముందు నేలలో గుండ్రంగా కట్టిన తొట్టి, దాని చుట్టూ వాలుగా చదును చేసిన నేల ఉన్నాయి. దాన్ని టాంకా అంటారు. వానాకాలంలో పడిన నాలుగు చినుకులు ఆ వాలు మీదుగా తొట్టిలోకి చేరతాయి. జైసల్మేర్‌లో ఏడాది మొత్తానికి పడే వాన చాలా తక్కువ. ఆ ఇంటివాళ్ళు నెలలకొద్దీ దాచుకున్న నీళ్ళను, నోరు విప్పటానికి సిగ్గుపడిన ఒక మాస్టారు తాగాడు.

గంట దాటాక మా వాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. నిర్వాహకుల తప్పు ఉంది, కాదనను. కానీ "నాకు తల తిరుగుతోంది" అని ఒక్క మాట అనుంటే ఇదంతా జరిగేది కాదు. తరగతిలో "అర్థం కాకపోతే చెయ్యెత్తండి" అని ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. నాకు అవసరమైనప్పుడు నా చెయ్యి లేవలేదు.

నీళ్ళ లెక్క

పొడి గాలిలో చెమట పుట్టిన క్షణంలోనే ఆరిపోతుంది. అందుకే చెమట పోస్తున్నట్టు తెలియదు, దప్పిక ఆలస్యంగా వేస్తుంది. దప్పిక కోసం చూడకుండా అరగంటకోసారి నాలుగు గుక్కలు తాగాలి. నడిచే రోజున మనిషికి నాలుగైదు లీటర్లు అనుకోండి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే నీళ్ళు చాలటం లేదని అర్థం. ఉట్టి నీళ్ళే అదే పనిగా తాగినా ఒంట్లో ఉప్పు తగ్గి ఇబ్బంది అవుతుంది. మధ్యమధ్య ఏదైనా తినండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు దగ్గర ఉంచుకోండి. పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్ళలో మొత్తం కలపాలి, చిటికెడు చిటికెడుగా కాదు.

తలనొప్పి, తల తిరగటం, వాంతి వచ్చినట్టుండటం, పిక్కలు పట్టేయటం మొదటి గుర్తులు. వెంటనే చెప్పి, నీడలో కూర్చుని, ఓఆర్‌ఎస్ తాగాలి. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా అది వడదెబ్బ. బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో తుడిచి, విసురుతూ వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పొయ్యకూడదు.

సంచిలో ఏముండాలి?

చీలమండ దాకా వచ్చే బూట్లు ముఖ్యం. కొత్తవి కొని నేరుగా తొడుక్కుని పోవద్దు, రెండు వారాల ముందు నుంచే వేసుకుని నడవండి. పొద్దున సిద్ధేశ్వర తలావ్ చుట్టూ భుజాన సంచితో నడిస్తే అభ్యాసం అవుతుంది. నిండుచేతుల నూలు చొక్కా, తల, మెడ కప్పే రుమాలు, చలికి స్వెటర్, చెవుల టోపీ, టార్చి, ఈల, మీ మందులు, ఆధార్ కార్డు పెట్టుకోండి. మన ఊరి చాదర్ ఒకటి పెట్టుకుంటే పగలు నీడకు, రాత్రి చలికి పనికివస్తుంది.

గుంపులో పద్ధతి

తిన్నె ఎక్కేటప్పుడు ముందువాళ్ళ అడుగులోనే అడుగు వెయ్యండి, సగం అలసట తగ్గుతుంది. నిటారు వైపు కాక, గాలి వీచే ఏటవాలు వైపు నుంచి ఎక్కండి. ఇద్దరిద్దరు జతగా ఉండి, ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచండి. చెంబు పట్టుకుని పోయినా జతగాడికి చెప్పే పోవాలి. తప్పిపోతే తిరగకుండా ఉన్నచోటే ఉండి, ఆగి ఆగి మూడేసిసార్లు ఈల వెయ్యండి.

పొద్దున బూట్లు దులిపి తొడగండి. మరాఠీలో ఫుర్సే అని మనం పిలిచే చిన్న పింజర పాము, తేళ్ళు అక్కడా ఉన్నాయి. ఇనుప ముక్క, గుండులాంటిది ఏది కనబడినా ముట్టవద్దు. పోఖ్రాన్ వైపు సైన్యం కాల్పుల అభ్యాసం చేసే నేలలున్నాయి. పడమర సరిహద్దు ప్రాంతం, అనుమతి లేనిచోటికి పోకూడదు. ప్లాస్టిక్ ఒక్క ముక్క కూడా వదలవద్దు, మేకలు, ఆవులు తింటాయి.

చూడవలసినవి

దసరాకు మనం మొక్కే జమ్మిచెట్టే అక్కడ ఖేజ్డీ. రాజస్థాన్‌కు అది రాష్ట్ర వృక్షం, తెలంగాణకూ అదే. దాని కాయ కూరకు, ఆకు మేకలకు, నీడ మనుషులకు. మన జిల్లేడు కూడా అక్కడ కనబడుతుంది. ఇంకొకటి బట్టమేక పిట్ట. మరాఠీలో మాళ్ఢోక్. మన ఊరి పక్క నాన్నజ్ అభయారణ్యం దాని కోసమే ఏర్పడింది, కానీ ఇక్కడ అది కనబడటం ఇప్పుడు గగనమైంది. ప్రపంచంలో మిగిలినవే 200 లోపు. వాటిలో ఎక్కువ భాగం జైసల్మేర్ ప్రాంతంలో, ఎడారి జాతీయ వనం చుట్టుపక్కల ఉన్నాయి. కనబడితే దూరం నుంచే చూడండి, వెంటపడవద్దు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. 2007లో బచేంద్రీ పాల్ నాయకత్వంలో మహిళల బృందం ఒంటెల మీద గుజరాత్‌లోని భుజ్ నుంచి పంజాబ్‌లోని వాఘా వరకు ఎడారి దారిన ప్రయాణించింది. ఆడపిల్ల అని వద్దనకండి. గుంపులో మహిళా నాయకురాలు ఉన్నారా, పడుకోవటానికి వేరే గుడారం ఉందా అని అడిగి పంపండి.

ఆ తల్లికి కూడా ఇదే చెప్పాను. మరునాడు ఆ పిల్లవాడు వచ్చాడు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదని, ఫారంలో రాయలేదని ఒప్పుకున్నాడు. "రాస్తే తీసుకోరేమో సార్" అన్నాడు. నా కథ చెప్పాను. ఇక్కడే కూర్చుని ఫారం మళ్ళీ నింపి, డాక్టరు దగ్గరికి పోయాడు. డాక్టరు సరేనంటే వెళ్తాడు, లేకపోతే వచ్చే ఏడు చూద్దాం.

సూచన: దీపావళి సెలవుల లోపల, ఇలాంటి యాత్రలకు పోదలచిన పూర్వ విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రులు బడి వదిలాక ఆఫీసులో నన్ను కలవవచ్చు. ఫారాలు తీసుకుని రండి, కలిసి చదువుదాం.

ప్రధానోపాధ్యాయుడు