చర్మ వైద్యం... సొగసుకు మాత్రమే కాదు

వైద్య విద్యలో మంచి ర్యాంకులు సాధించిన వారు పీజీలో ముందుగా కోరుకునే విభాగాల్లో చర్మ వైద్యం ఒకటి. రాత్రి విధులు తక్కువని, అత్యవసర కేసులు ఉండవని, సౌందర్య చికిత్సలతో ఆదాయం బాగుంటుందని విద్యార్థుల్లో అభిప్రాయం ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ విభాగం పూర్తి పేరు డెర్మటాలజీ, వెనీరియాలజీ, లెప్రసీ. అంటే చర్మవ్యాధులు, సుఖవ్యాధులు, కుష్ఠు. ఈ మూడింటి భారాన్నీ మోయడానికి సిద్ధపడిన వారే ఈ రంగంలోకి రావాలి.

ఎన్నేళ్ల చదువు?

ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివి, నీట్‌లో ర్యాంకు సాధించి ఎంబీబీఎస్‌లో చేరాలి. తెలుగు రాష్ట్రాల్లో 2016 వరకు ఎంసెట్ ద్వారా వైద్య సీట్లు భర్తీ చేసేవారు. 2017 నుంచి నీట్ ర్యాంకే ఆధారం. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఆపై హౌస్‌సర్జన్సీ ఏడాది. తరువాత నీట్-పీజీ రాసి మూడేళ్ల ఎండీ (డీవీఎల్) కోర్సులో చేరాలి. డీఎన్‌బీ మార్గం కూడా ఉంది. ఒకప్పుడు రెండేళ్ల డిప్లొమా (డీడీవీఎల్) చేసిన వారెందరో నేటికీ జిల్లాల్లో సేవలందిస్తున్నారు. ఆ సీట్లు పలు కళాశాలల్లో డిగ్రీ సీట్లుగా మారాయి. అన్నీ సకాలంలో పూర్తయినా ఇంటర్ తరువాత ఎనిమిదిన్నరేళ్లు పడుతుంది. పీజీ ప్రవేశ పరీక్షకు మళ్లీ సన్నద్ధం కావాల్సి వస్తే ఆ కాలం అదనం.

మచ్చ ఒక్కటే... కారణాలు అనేకం

చర్మంపై పాలిపోయిన మచ్చ కనిపిస్తే అది శోభి కావచ్చు, బొల్లి కావచ్చు, కుష్ఠు కావచ్చు. శోభి మచ్చపై సన్నని పొట్టు రాలుతుంది. బొల్లి మచ్చ పాలలా తెల్లగా ఉన్నా స్పర్శ చెడదు. కుష్ఠు మచ్చపై స్పర్శ తగ్గుతుంది లేదా పూర్తిగా పోతుంది. నిపుణుడు దూది కొసతో తాకి స్పర్శను పరీక్షిస్తాడు, మోచేయి వద్ద, మోకాలి పక్కన నరాలను తడిమి చూస్తాడు, అవసరమైతే చర్మపు ముక్క తీసి పరీక్షకు పంపుతాడు. నొప్పి లేదు కదా అని రోగి, మామూలు మచ్చే అని వైద్యుడు ఉపేక్షిస్తే నరాలు దెబ్బతిని వేళ్లు వంకర పోతాయి. ఆ నష్టం చాలావరకు తిరిగి పూడదు.

పది వేల జనాభాకు ఒక రోగి కంటే తక్కువ అనే లక్ష్యాన్ని భారత్ 2005 చివరికి చేరుకుంది. దాంతో కుష్ఠు పూర్తిగా పోయిందనే భావన ఏర్పడింది. వాస్తవానికి ప్రపంచంలో ఏటా గుర్తించే కొత్త కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనివే. వ్యాధి రకాన్ని బట్టి ఆరు నెలలు లేదా ఏడాది పాటు బహుళ ఔషధ చికిత్సను ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. కావలసింది మచ్చను సకాలంలో గుర్తించే కన్ను.

స్టెరాయిడ్ పూతతో చేటు

తామర సోకగానే దుకాణంలో అడిగి తెచ్చుకున్న పూతమందు రాయడం ఊరూరా ఉన్న అలవాటు. అందులో స్టెరాయిడ్ ఉంటే రెండు మూడు రోజుల్లో దురద తగ్గుతుంది, కానీ శిలీంధ్రం లోలోపల విస్తరిస్తుంది. మందు ఆపగానే తామర మరింతగా పైకి వస్తుంది. ముఖం తెల్లబడాలని, మంగు పోవాలని ఇవే వాడితే చర్మం పలుచబడి, ఎర్రబారి, ఎండ తగిలినా మండుతుంది. ఈ పూతమందులు చీటీ లేనిదే అమ్మరాదని 2018లో కేంద్రం నిబంధన విధించినా అలవాటు పోలేదు. ఇలా ముదిరిన కేసులను ఓపికగా సరిదిద్దడం చర్మ వైద్యుడి రోజువారీ పని.

పూతమందులతో సరిపోదు

కొన్ని మందులు వికటించి చర్మం ఊడిపోయే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్, పొక్కులతో ప్రాణాల మీదికి తెచ్చే పెంఫిగస్ వంటివి ఈ విభాగానికే వస్తాయి. తీవ్రమైన సొరియాసిస్‌కు వాడే మెథోట్రెక్సేట్‌ను ఇవ్వాలంటే రక్తం, కాలేయ పరీక్షలను క్రమం తప్పక గమనించాలి. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నేతృత్వం వహించిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలోనే 1940లలో ఆ మందు రూపుదిద్దుకుంది.

అవకాశాలు... జాగ్రత్తలు

ఎండీ పూర్తిచేసిన వారికి ప్రభుత్వాసుపత్రులు, వైద్య కళాశాలలు, ప్రైవేటు ఆసుపత్రుల్లో అవకాశాలున్నాయి. బోధనలోకి వెళ్లదలచిన వారు సీనియర్ రెసిడెన్సీ చేయాలి. లేజర్, కేశ చికిత్సలపై ఆసక్తి ఉన్నవారు పీజీ తరువాత ప్రత్యేక శిక్షణ పొందవచ్చు. కాస్మొటాలజీలో స్వల్పకాలిక సర్టిఫికెట్లు మాత్రం పీజీ అర్హతకు సమానం కావు. హౌస్‌సర్జన్సీలో ఈ విభాగపు ఓపీలో గడిపే రోజులను విద్యార్థులు తేలికగా తీసుకోరాదు. తామర, గజ్జి, కుష్ఠు రోగులను చేతితో తాకి పరీక్షించగలమా అన్నది అక్కడే తేలుతుంది.

రోగులూ వైద్యుడి పేరు పక్కన ఎండీ (డీవీఎల్), డీడీవీఎల్ లేదా డీఎన్‌బీ అర్హత, రాష్ట్ర వైద్య మండలి రిజిస్ట్రేషన్ ఉన్నాయో లేదో చూసుకోవాలి. స్పర్శ లేని మచ్చ ఏదైనా కనిపిస్తే పూతమందు కొనకుండా సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలి.