ఆకలిగొన్న జీవకణము



మన శరీరము కోటానుకోట్ల జీవకణముల కూర్పు. వానిలో ననేకము దినదినము నశించుచుండగా, మిగిలిన కణములు రెండేసిగా చీలి ఆ లోటును పూడ్చుచుండును. ఎముకల మూలుగలో సెకనుకు సుమారు 20 లక్షల ఎఱ్ఱకణములు పుట్టుచున్నవి. ఒక్కొక్కదాని ఆయువు ఇంచుమించు 120 దినములు. ఈ సృష్టికి కావలసిన సామగ్రి మనము తిను అన్నము నుండియే రావలెను. అది చాలనప్పుడు కణమేమి చేయును? ఇదియే నేటి ప్రసంగ విషయము.

కణము చీలుటకు నాలుగు దశలు గలవు. మొదటి దశలో అది పెరుగును. రెండవ దశలో, వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ. అను పదార్థమునకు ప్రతి వ్రాసికొనును. మూడవ దశలో ఆ ప్రతిని సరిచూచుకొనును. నాల్గవ దశలో రెండగును.

1974లో ఆర్థర్ పార్డీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, హామ్‌స్టర్ అను ఎలుకజాతి జంతువు యొక్క కణములను పాత్రలలో పెంచి పరీక్షించెను. కొన్నిటికి రక్తరసమును తగ్గించెను. కొన్నిటికి మాంసకృత్తుల నిర్మాణమునకు వలయు ఐసోల్యూసిన్‌ను, మఱి కొన్నిటికి గ్లూటమిన్‌ను లేకుండ జేసెను. కొఱతలు వేఱైనను కణములు నిలిచిన చోటొక్కటే: ప్రతి వ్రాయుటకు పూనుకొనక మునుపు, మొదటి దశలోనే. ఆహారము మరల నందినంతనే అవి అచ్చటినుండి సాగినవి. ఇది చావు కాదు, ముందుచూపు. చెఱువులో నీరు లేనిదే తెలివిగల రైతు నారు పీకడు గదా!

అయితే అన్ని కొఱతలయందును కణమునకు ఈ ముందుచూపు చాలదు. డి.ఎన్.ఏ. వ్రాతకు వలయు అక్షరములలో నొకటి సిద్ధమగుటకు ఫోలిక్ ఆమ్లమను విటమిను అవసరము. అది చాలనప్పుడు మూలుగలోని కణము గడప దాటి, వ్రాత సగములో చిక్కుకొనును. నాట్లు పడిన పిమ్మట నీరెండిన మడి వంటిది దాని గతి. కణము ఒడలు పెంచుకొనును గాని చీలజాలదు. పెక్కు కణములు మూలుగలోనే నశించును, రక్తము క్షీణించును. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీలయందు ఇట్టి రక్తహీనతను పరిశోధించి, ఈస్టు సారముతో అది కుదురుచున్నదని 1931లో ప్రకటించెను. ఆ సారమునందలి గుణము ఫోలిక్ ఆమ్లముదే యని తరువాత తేలినది. భీమవరమున 1895లో జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమువారు 1945లో ఆ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి.

రాచపుండు కణముల తీరు వేఱు. వానిలో పెక్కు ఆ గడపవద్ద నిలుచు గుణమునే పోగొట్టుకొన్నవని పార్డీ సూచించెను. లేమిలోను ఆగక చీలు కణమును ఆపుటెట్లు? సుబ్బారావుగారి బృందము, ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు అమినాప్టెరిన్‌ను రూపొందించెను. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని రక్తపు రాచపుండు గల పిల్లలకిచ్చి, కొందఱికి తాత్కాలికముగా నైనను ఉపశమనము కలిగెనని 1948లో ప్రకటించెను. ఆ యేటనే సుబ్బారావుగారు గతించిరి. ఆ మందుకు దగ్గఱి చుట్టమైన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది.

కావున ఒక కొఱత రోగమును దెచ్చును. అదే కొఱతను వైద్యుడు తూచి కల్పించిన ఔషధమగును. ఇంటిలో మాత్రము అది ఎన్నడును ఔషధము కాదు. బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగునను భయముతో కొన్ని యిండ్లలో గర్భిణికి అన్నము తగ్గింతురు. ఆమె గర్భమున కణములు అతివేగముగా చీలుచున్న కాలమది. శిశువు మెదడునకు, వెన్నుపామునకు పునాది మొదటి నాలుగు వారములలోనే పడును. అప్పటికి గర్భమైన సంగతియే తెలియకపోవచ్చును. ఆ సమయమున ఫోలిక్ ఆమ్లము చాలనిచో వెన్ను లోపముల కవకాశము హెచ్చును. ఆకుకూరలు, పప్పుధాన్యములు ఇంట నుండనిండు. కూరను అతిగా ఉడికించి ఆ నీటిని పాఱబోయనీయకుడు. ఆరోగ్య కేంద్రములో ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలను కోడలు మ్రింగుచున్నదా యని అడుగుట ఇంటి పెద్దల విధి.