శిశు తరగతుల్లో విజ్ఞానశాస్త్రం: నీడతో ఒక కృత్యం

1. పరిచయం

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు విజ్ఞానశాస్త్రం అంటే నిర్వచనాలు కాదు. వాళ్లు నీళ్లు ఒంపుతారు, రాళ్లు దొర్లిస్తారు, చీమల బారు వెంట నడుస్తారు. పరిశీలించడం, పోల్చడం, వర్గీకరించడం, ఊహించడం అనే నైపుణ్యాలకు ఈ పనుల్లోనే పునాది పడుతుంది. ఫ్రోబెల్ 1837లో జర్మనీలో ప్రారంభించి, 1840లో ‘కిండర్‌గార్టెన్’ అని పేరు పెట్టిన బడి ఆటల మీదే నడిచింది. మన దేశంలో గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరాన్ని ప్రారంభించారు. జాతీయ విద్యా విధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించి, ఆటలు, కృత్యాల ద్వారా బోధించాలని సూచించింది.

అయితే కృత్యం పేరుతో జరిగేదంతా కృత్యాధార బోధన కాదు. ఉపాధ్యాయురాలే ప్రయోగం చేసి, ఫలితం తానే చెప్పి, పిల్లలచేత వల్లె వేయిస్తే అది ప్రదర్శన మాత్రమే. జవాబు ఎప్పుడూ పెద్దల దగ్గరే ఉంటుందన్న భావం పిల్లల్లో నాటుకుపోతుంది. దీన్ని నివారించే క్రమం ఒకటుంది: ముందు ఊహించడం, తర్వాత చేసి చూడటం, చివర చెప్పడం.

2. కృత్యం

హైదరాబాదులోని ఫిల్మ్‌నగర్‌లో ఒక అంగన్‌వాడీ కేంద్రాన్ని ఉదాహరణగా తీసుకుందాం. సినిమా షూటింగ్ లైట్లు ఆ చుట్టుపక్కల పిల్లలకు కొత్త కాదు. కాబట్టి వెలుగు, నీడ మంచి పాఠ్యాంశం అవుతాయి. కావలసినవి చాక్‌పీసు, టార్చి.

ఉదయం పది గంటలకు ఒక పాపను ఆరుబయట నిలబెట్టి, ఆమె పాదాల చుట్టూ, నీడ చుట్టూ గీత గీయించండి. “అన్నం వేళకు నీడ ఎక్కడుంటుంది?” అని అడగండి. ప్రతి పిల్లా తాను అనుకున్న చోట ఒక రాయి పెట్టాలి. మధ్యాహ్నం ఆ పాప అవే పాదముద్రల్లో నిలబడితే, నీడ పొట్టిదై, దిశ మారి కనిపిస్తుంది.

“నీడ ఎండకు భయపడి కాళ్ల కింద దాక్కుంది” అని ఒకరు అనవచ్చు. పియాజే చెప్పిన పూర్వ ప్రచాలక దశలో పిల్లలు వస్తువులకు ప్రాణం ఆపాదించడం సహజం. దీన్నే సర్వాత్మవాదం అంటారు. “తప్పు” అనకండి. “మరి నీడను మళ్లీ పొడుగు చేయగలమా?” అని అడిగి, చీకటి గదిలో ఒక గ్లాసు పెట్టి, టార్చి పిల్లల చేతికే ఇవ్వండి. టార్చిని పక్క నుంచి పట్టుకుంటే నీడ సాగుతుంది, నెత్తి మీదికి తెస్తే కుంచించుకుపోతుంది. భయం వల్ల కాదని పిల్లలు తమ చేతులతోనే తెలుసుకుంటారు.

3. ఉపాధ్యాయురాలు తెలుసుకోవలసింది

హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల ఏటా రెండుసార్లు, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మే నెలలో ఎండ తీవ్రంగా ఉంటుంది కాబట్టి ఆగస్టు రోజే అనుకూలం. ఆకాశం నిర్మలంగా ఉంటే, సుమారు 12 గంటల 20 నిమిషాలకు నిటారుగా నిలబెట్టిన సీసా నీడ దాని అడుగులోనే కలిసిపోతుంది. కారణం పిల్లలకు ఇప్పుడే చెప్పనక్కరలేదు. చూసిన అనుభవం పై తరగతుల్లో అక్కరకొస్తుంది.

జాగ్రత్తలు: పిల్లలను సూర్యుడి వైపు చూడనివ్వకండి. ఎండలో కొద్ది నిమిషాలకు మించి ఉంచకండి. టార్చిని కళ్లలోకి వేయనివ్వకండి. రాళ్లు నోట్లో పట్టనంత పెద్దవై ఉండాలి.

4. మూల్యాంకనం

ఎవరి రాయి సరైన చోట ఉందన్నది ముఖ్యం కాదు. ఎవరు ఊహించారు, చూశాక ఎవరు ఊహ మార్చుకున్నారు, ఎవరు కొత్త ప్రశ్న వేశారు అన్నవి పరిశీలన పుస్తకంలో రాయండి. మాట్లాడని బిడ్డ రాయి పెట్టిన చోటు కూడా ఒక జవాబే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ప్రదర్శనకు, కృత్యానికి గల భేదాన్ని ఒక ఉదాహరణతో వివరించండి.
2. “నీడ నిద్రపోయింది” అన్న బిడ్డను మీరు అడిగే తర్వాతి ప్రశ్న ఏమిటి? ఆ ప్రశ్నకు ఏ వస్తువు చేతికిస్తారు?