ఆంగ్ల నిఘంటువులో జగన్నాథుడు



ఎచ్చెర్ల మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి ప్రక్కన బస్సు కొరకు నిలుచున్నవారికి అటు కోల్‌కతాకూ ఇటు చెన్నైకీ పరుగులు తీసే భారీ లారీలు నిత్యదర్శనమే. అంతటి లారీని ఇంగ్లాండులో 'జగ్గర్‌నాట్' అంటారు. ఎదురులేని ఆటగాళ్ల జట్టునూ, పోటీదారులను మింగివేసే పెద్ద కంపెనీనీ కూడా అక్కడి పత్రికలు ఈ మాటతోనే వర్ణిస్తాయి. అడ్డువచ్చిన దానినెల్ల నలగద్రొక్కుతూ పోయే మహాశక్తి అని నిఘంటువు చెప్పే అర్థం.

ఆంగ్లోపాధ్యాయునిగా పనిచేసిన కాలమంతా నేను ఆ అర్థాన్నే పిల్లలచేత వ్రాయించాను. మాట ఎక్కడిదో ఏనాడూ చెప్పలేదు. పదవీ విరమణ పిమ్మట పూరీ యాత్రకు సిద్ధమవుతుండగా మా మనుమడు, "తాతా, జగ్గర్‌నాట్ అంటే మన జగన్నాథుడేనట. మరి దేవుడు మనుషులను నలిపేస్తాడా?" అని అడిగాడు. నావద్ద జవాబు లేకపోయింది. ఈ వ్యాసం వానికి నేను బాకీపడిన సమాధానం.

'జగత్', 'నాథ' అనే రెండు మాటలు కలిసినప్పుడు తకారం నకారమై 'జగన్నాథ' అవుతుంది. నాథుడంటే ప్రభువు మాత్రమే కాదు, రక్షకుడు కూడా. 'అనాథ' అనే మాటను తలచుకుంటే ఈ సంగతి బోధపడుతుంది. ఆనాటి ఆంగ్లేయులు మన హ్రస్వ అకారాన్ని, 'కప్పు' అనే తమ మాటలో వలెనే, 'యు' అక్షరంతో వ్రాసేవారు. ఆ వ్రాతలో 'జగ' కాస్తా 'జగ్గ' అయింది. చివరనున్న 'నాట్'ను చూసి 'ఆస్ట్రోనాట్'కు చుట్టమనుకునేవారున్నారు. అది నావికుడనే అర్థంగల గ్రీకు మాట, దీనికీ దానికీ పొత్తు లేదు.

కాపాడేవాని పేరు నలిపివేసేదానికి ఎలా వచ్చింది? 14వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన ఓడోరిక్ అనే ఇటలీ సన్యాసి, ఒక దేవుని రథచక్రాల క్రింద జనం పడి ప్రాణాలు విడుస్తారని వ్రాశాడు. ఆయన చెప్పినది పూరీ గురించి కాదు, ఇంకా దక్షిణాన ఉన్న తీరం గురించి. అయినా ఆ కథ యూరపులో నాటుకుపోయింది. 1633లో బ్రూటన్ అనే ఆంగ్లేయుడు పూరీ రథాన్ని వర్ణించాడు. 1803లో ఒరిస్సా కంపెనీ పాలనలోకి వచ్చింది. 1806లో పూరీని చూచిన క్లాడియస్ బుకానన్ అనే క్రైస్తవ మతగురువు 1811లో ప్రచురించిన గ్రంథంలో ఆ ఘోరాన్నే పెద్దది చేసి చూపాడు. ఆ శతాబ్దంలోనే పేరు కాస్తా మామూలు నామవాచకమైంది.

చక్రాల క్రింద ఎవరూ మరణించలేదని నేననను. అయితే ఉత్సవాన్ని నాలుగేళ్లు కన్నులారా చూచిన స్టిర్లింగ్ అనే కంపెనీ ఉద్యోగి, అటువంటివి మూడే జరిగాయనీ, ఒకటి బహుశా ప్రమాదమనీ, తక్కిన ఇద్దరూ భరించరాని వ్యాధిగ్రస్తులనీ వ్రాశాడు. ఆత్మాహుతి విష్ణుభక్తికే విరుద్ధమని 1872లో హంటర్ స్పష్టం చేశాడు. వీరిద్దరూ బ్రిటిష్‌వారే! కానీ నిఘంటువు మాత్రం బుకానన్ పక్షానే నిలిచిపోయింది.

జగన్నాథుని నందిఘోష రథానికి 16 చక్రాలు, ఎత్తు సుమారు 45 అడుగులు. త్రిప్పడానికి స్టీరింగు లేదు. ఆపవలసి వస్తే చక్రాల ముందు కొయ్య దుంగలు వేస్తారు. వేలాది మంది లాగే త్రాడు ప్రక్కన తొక్కిసలాటలో కాలు జారితే జరిగేది ఊహించవచ్చు. ఆషాఢ శుద్ధ విదియకు వెళ్లే మనవారు పిల్లలను, వృద్ధులను చక్రాల దరికి పోనీయవద్దని ప్రార్థన.

ఇంకొక సంగతి మనకు మరీ దగ్గరిది. 12వ శతాబ్దంలో పూరీ ఆలయ నిర్మాణానికి పూనుకొన్న అనంతవర్మ చోడగంగదేవుని తొలి రాజధాని కళింగనగరం. అది మన జిల్లాలోని ముఖలింగమే. పూరీకి ప్రయాణమయ్యే మన భక్తులు ఒకరకంగా పుట్టింటివారన్నమాట.

ఇదంతా మనుమనికి చెబుతూ మొన్న రహదారి ప్రక్కన నిలుచున్నాను. ఒడిశా నంబరుతో ఒక పెద్ద లారీ వచ్చింది. వాడు నా చేయి పట్టి లాగి, దాని నుదుట పసుపు రంగుతో వ్రాసినదానిని కూడబలుక్కుని పైకి చదివాడు: "జై జగన్నాథ్."