సిబిల్ స్కోరు తగ్గితే చదువు అప్పు రాదా?

పాత అప్పుల కిస్తీలు తీర్చిన తీరును బట్టి 300 నుంచి 900 వరకు లెక్కగట్టే అంకెను సిబిల్ స్కోరు అంటారు. విద్యార్థికి సాధారణంగా అప్పుల చరిత్రే ఉండదు కనుక, సహ రుణగ్రహీతగా, అంటే అప్పుకు సమాన బాధ్యత వహిస్తూ సంతకం చేసే తల్లి లేదా తండ్రి స్కోరును బ్యాంకు పరిశీలిస్తుంది; వారి పాత బకాయి ఏ పంటరుణానిదైనా సరే, అది స్కోరును తగ్గిస్తుంది. స్కోరు తక్కువన్న కారణంతో విద్యార్థి దరఖాస్తును తిరస్కరించరాదని కేరళ హైకోర్టు 2023లో చెప్పింది. రేపటి సంపాదనే ఆధారమైన అప్పుకు ఈ వాదనే సబబు. అయినా కోర్టు మెట్లెక్కే స్తోమత అందరికీ ఉండదు. అందుకే ఏడాదికోసారి ఉచితంగా లభించే పరపతి నివేదికను తెప్పించుకొని, తీరిన అప్పు ఇంకా బకాయిగా కనిపిస్తే సరిచేయించుకోవాలి. ఈ పనిని ప్రవేశ పరీక్షల ఫలితాలకు ముందే మొదలుపెట్టాలి.