గదిలో అరటి గెల వేస్తుందా?

ప్రశ్న: మాది దుగ్గిరాల. ఇంటి నుంచి ఏ పక్కకు వెళ్లినా పసుపు చేలో, అరటి తోటలో కనిపిస్తాయి. హైదరాబాదులో మా పిన్నివాళ్లు మాత్రం ఫ్లాట్ లోపల కుండీలో పొట్టి అరటి పెట్టారు. అంత చిన్న కుండీలో అది ఎలా బతుకుతుంది? ఎప్పటికైనా గెల వేస్తుందా?

జవాబు: బతుకుతుంది. గెల కూడా వేయొచ్చు. కానీ దానికొక షరతు ఉంది. ఆ షరతు కుండీకి సంబంధించింది కాదు, ఎరువుకు సంబంధించిందీ కాదు. అదేమిటో అర్థం కావాలంటే ముందు అరటి ఎలాంటి మొక్కో చూడాలి. అందుకు మీ ఊరిని మించిన చోటు లేదు.

అరటి దగ్గరికి వెళ్లే ముందు పసుపు చేలో ఒక మొక్కను పీకి చూడు. నేల మీద కాండంలా నిలబడింది నిజానికి కాండం కాదు. ఆకుల అడుగు భాగాలు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని అలా కనిపిస్తాయి. అసలు కాండం మట్టిలో ఉన్న దుంపా, కొమ్ములే. మీ ఊరి యార్డుకు బస్తాల్లో వచ్చేది ఆ కాండమే. పసుపు, అల్లం, మెట్టతామర, అరటి దగ్గరి చుట్టాలు. వృక్షశాస్త్రంలో ఈ గుంపును జింజిబరేలిస్ అంటారు. పసుపు మోకాలెత్తులోనో నడుమెత్తులోనో చేసే పనిని అరటి ఇంటి కప్పు ఎత్తున చేస్తుంది. అంతే తేడా.

కార్తీక మాసంలో దీపం పెట్టి కాలవలో వదిలే అరటి డొప్ప నీకు తెలుసు కదా. ఒక్కో డొప్ప ఒక్కో ఆకు అడుగు భాగం. దాన్ని అడ్డంగా కోస్తే లోపల వరసగా గాలి గదులు కనిపిస్తాయి. నీళ్ల మీద తేలేది వాటి వల్లే. ఇలాంటి డొప్పలన్నీ కలిసిందే బోదె. గెల వేయని మొక్క బోదెను ఒక్కో డొప్పా ఒలుచుకుంటూ పోతే చివరికి చుట్ట చుట్టుకున్న లేత ఆకు తప్ప ఇంకేమీ మిగలదు. గెల వేసిన చెట్టులోనైతే మధ్యలో తెల్లటి దూట ఉంటుంది, కూర వండుకునేది. ఆ దూటే పువ్వును మోసుకుంటూ నేలలోని దుంప నుంచి బోదె మధ్యగా పైకి వచ్చిన కాండం.

అంటే అరటి ఎత్తు డొప్పల పొడవును బట్టి ఉంటుంది. డొప్పలూ ఆకు కాడలూ పొట్టివైతే చెట్టు పొట్టిదవుతుంది. మీ వైపు ఎక్కువగా కనిపించే కర్పూర చక్కెరకేళి బోదె పది పన్నెండు అడుగులు లేస్తుంది. వామనకేళి అని పిలిచే పొట్టి పచ్చ అరటి ఆరేడు అడుగుల దగ్గర ఆగుతుంది. కుండీల కోసం అమ్మే మరీ పొట్టి రకాలు మూడు నాలుగు అడుగులకు మించవు. ఎత్తులో ఇంత తేడా ఉన్నా ఆకుల లెక్క మాత్రం దాదాపు అంతే. ఏ అరటైనా సుమారు 30 నుంచి 40 ఆకులు తీశాకే గెల వేస్తుంది. పొట్టి అరటి పసిమొక్క కాదు, ఎత్తు తగ్గిన పెద్ద మొక్క. దాని ఆకలి మాత్రం తగ్గలేదు.

కాబట్టి గెల ఎప్పుడు వస్తుందన్నది ఒక్కో ఆకు ఎన్నాళ్లకు వస్తుందో చూస్తే తెలుస్తుంది. మంచి ఎండ, వెచ్చదనం, నీరు ఉన్న తోటలో వారం పది రోజులకు ఒక సుడి ఆకు విచ్చుకుంటుంది. అందుకే నాటిన ఏడెనిమిది నెలలకు పువ్వు తొంగి చూస్తుంది, అక్కడి నుంచి మరో మూడు నాలుగు నెలలకు గెల కోతకు వస్తుంది. మామిడిలా దీనికి పూత కాలం అంటూ లేదు. మీ తోటల్లో ఏడాది పొడవునా ఏదో ఒక చెట్టున గెల కనిపించేది అందుకే. మరి గదిలో నెలకొక ఆకు వస్తుంటే? ముప్ఫయ్యైదు ఆకులకు మూడేళ్లు. అప్పటికైనా గెల వేసే సత్తువ దుంపలో ఉండాలి. పిన్నిని ఈ ఒక్క ప్రశ్న అడుగు: పోయిన ఆకు విచ్చుకున్నాక కొత్త ఆకు రావడానికి ఎన్నాళ్లు పట్టింది? గెల సంగతి ఆ జవాబులోనే ఉంది.

గదిలో ఆకు ఎందుకు ఆలస్యమవుతుంది? వెలుగు చాలక. ఇదే నేను మొదట చెప్పిన షరతు. ఇక్కడ మన కళ్లు మనల్ని బాగా మోసం చేస్తాయి. ఎండలోంచి ఇంట్లోకి రాగానే ఒక్క క్షణం చీకటిగా ఉంటుంది, తర్వాత అంతా మామూలుగా కనిపిస్తుంది. గదిలో వెలుగు పెరగలేదు, మన కంటిపాప పెద్దదైంది. ఆకుకు అలాంటి సదుపాయం లేదు. వెలుగును కొలిచే లక్స్ లెక్కలో చెప్పాలంటే మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష. అదే సమయంలో కిటికీకి దూరంగా సోఫా పక్కన ఉండేది కొన్ని వందలే. మనం పేపరు చదువుకోవడానికి అది చాలు. ఆకు తన తిండి తాను వండుకోవాలి. తెచ్చుకున్న వెలుగులో కొంత బతికి ఉండటానికే ఖర్చవుతుంది, మిగిలిందే కొత్త ఆకు. మిగులు లేకపోతే మొక్క చావదు, పెరగదు, అలా ఉండిపోతుంది. చాలా ఫ్లాట్లలో అరటి ఈ స్థితిలోనే ఉంటుంది. ఇంటివాళ్లేమో ఎరువు తక్కువైందనుకుని మరో గుప్పెడు వేస్తారు.

వెలుగు చాలుతుందో లేదో చూడటానికి యంత్రం అక్కర్లేదు. పొద్దుటిపూట ఆకు మీద జానెడు ఎత్తున చెయ్యి అడ్డం పెట్టమను. వేళ్ల నీడ స్పష్టంగా విడివిడిగా పడితే మంచిది. మసకగా పడితే అది అందం కోసం పెంచుకునే మొక్కే, గెల కోసం కాదు. రోజూ కనీసం ఐదారు గంటలు నేరుగా ఎండ తగలాలి. హైదరాబాదులో దక్షిణం వైపు బాల్కనీ ఉంటే చలికాలంలో ఎండ ఏటవాలుగా లోపలి దాకా వస్తుంది. వేసవిలో సూర్యుడు నడినెత్తికి వచ్చేస్తాడు కాబట్టి అదే బాల్కనీలో నీడ ఉంటుంది. కుండీకి కింద చక్రాల పీట వేసి కాలాన్ని బట్టి జరుపుకోవచ్చు. గదిలో నుంచి ఎండలోకి మాత్రం ఒకేసారి తేకూడదు, నీడలో పెరిగిన ఆకు మాడిపోతుంది. వారం పది రోజుల మీద కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి. గదిలో ఒక్క లాభం ఉందిలే, గాలికి ఆకు చిరగదు. భోజనానికి నిండు విస్తరి దొరుకుతుంది.

కప్పు కింద అరటి పండించడం కొత్త సంగతేమీ కాదు. ఇంగ్లండులో చాట్స్‌వర్త్ అనే భవనం ఉంది. ఆరో డెవన్‌షైర్ డ్యూక్ విలియం కావెండిష్ దాని యజమాని. ఆయన తోటల పెద్ద జోసెఫ్ పాక్స్‌టన్ 1830 ప్రాంతంలో ఒక పొట్టి అరటి మొక్క సంపాదించి అద్దాల ఇంట్లో నాటాడు. అది 1835 నవంబరులో పూసి, మరుసటి వేసవి నాటికి పండ్లిచ్చింది. మన వామనకేళికి శాస్త్రజ్ఞులు వాడే కావెండిష్ అనే పేరు ఆ యజమానిదే. అనంతపురం, కడప వైపు విరివిగా వేసే జీ-నైన్ అరటి కూడా కావెండిష్ రకాల్లోదే. మంచు దేశంలో, అదీ నవంబరులో అరటి ఎలా పూసింది? అద్దాల కప్పు నుంచి వెలుగు నేరుగా పైనుంచి పడింది, పొయ్యిలు వెచ్చదనం ఇచ్చాయి. ఫ్లాట్‌కు ఉన్నది కాంక్రీటు కప్పు. మొక్కకు ఆ తేడా చాలా పెద్దది.

ఇక కుండీ సంగతి. చిన్న కుండీలో ఎలా బతుకుతుందని అడిగావు. అరటి వేళ్లు లోతుకు పోవు, ఎక్కువ భాగం పైన ఒకటిన్నర అడుగుల మట్టిలోనే పక్కలకు పాకుతాయి. కాబట్టి లోతు కంటే వెడల్పు ముఖ్యం. మిద్దెతోటల వాళ్లు నీలం ప్లాస్టిక్ డ్రమ్మును సగానికి కోసి వాడతారు, అది సరిగ్గా సరిపోతుంది. కానీ వేలెడు టిష్యూ కల్చర్ మొక్కను తెచ్చి ఏకంగా అందులో పెట్టకూడదు. చిన్న వేళ్లు తాగలేనంత నీరు అంత మట్టిలో నిలిచిపోతుంది, గాలి ఆడక వేళ్లు కుళ్లుతాయి. ముందు చిన్న కుండీ, వేళ్లు నిండాక పెద్దది.

అరటికి నీళ్లంటే ఇష్టమే కదా, నీళ్లతో ఎలా కుళ్లుతుంది? దండెం మీద ఆరేసిన తడి చీరను చూడు. పైన ఆరిపోయినా కింది అంచు చాలాసేపు తడిగానే ఉంటుంది, ఎందుకంటే నీరు దిగివచ్చి అక్కడ ఆగిపోతుంది. కుండీ మట్టీ అంతే. పొలంలో తడి ఇంకా ఇంకా కిందికి దిగుతుంది, పైగా మీ రైతులు వరసల మధ్య మురుగు కాలవలు తీస్తారు. కుండీలో మట్టి అడుగుతోనే అయిపోతుంది, చిల్లులున్నా అట్టడుగు పొర తడిగానే ఉంటుంది. డెల్టా నల్లమట్టిని అలాగే నింపితే మరీ ప్రమాదం. మట్టి ఒక పాలు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుకా కొబ్బరిపొట్టూ కలిపి ఒక పాలు వేస్తే గుల్లగా ఉంటుంది. వేలు పెట్టి చూసి పైన రెండంగుళాలు ఆరాకే మళ్లీ పోయాలి. ఎండ తక్కువైతే ఆకు ఆవిరి చేసే నీరూ తక్కువే, కాబట్టి గదిలో ఉన్నప్పుడు మేడ మీద పోసినంత పోయకూడదు.

ఎరువు గురించి క్లుప్తంగా: అరటి పొటాష్‌ను ఎక్కువగా తింటుంది. కాబట్టి నెలకోసారి కొద్దికొద్దిగా ఇవ్వాలి. ఎక్కువైతే ఉప్పు పేరుకుని ఆకు అంచులు మాడతాయి. చలి మరో అడ్డంకి. 16 డిగ్రీల కంటే తగ్గితే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. డిసెంబరు రాత్రుల్లో బాల్కనీ కుండీని లోపలికి జరపడం మేలు.

నువ్వు అడగలేదు గానీ, మూడో అంతస్తులోనో నాలుగో అంతస్తులోనో తేనెటీగ రాకపోతే కాయ ఎలా కడుతుందని ఎవరికైనా సందేహం రావాలి. తినే అరటికి పుప్పొడి అక్కర్లేదు. గింజ ఏర్పడకుండానే కాయ పెరుగుతుంది. పండు మధ్యలో కనిపించే నల్లటి చుక్కలు గింజలు కాలేకపోయిన అండాల గుర్తులు. గుమ్మడి పాదుకు మిద్దె మీద వచ్చే చిక్కు దీనికి లేదు.

పిన్నికి తోట నుంచి పిలక పంపాలనుకుంటే కర్పూరం పిలక వద్దు. దాని బోదె కప్పును తాకుతుంది, ఆకులకు ఇక చోటే ఉండదు. వామనకేళి పిలక కావాలి, అదీ సన్నటి కత్తిలాంటి ఆకులున్న సూది పిలక. చిన్నప్పుడే వెడల్పాకులు వేసే నీటి పిలక తల్లి దుంపను గట్టిగా అంటుకుని ఉండదు, బలం తక్కువ. ఆకులు చిన్నవై, గుత్తిలా పైన కుదించుకుపోయిన చెట్టు దగ్గర మాత్రం పిలక తీయొద్దు. అది పొట్టి రకం కాదు, వెర్రి తెగులు పట్టిన చెట్టు. పిలకతో పాటు ఆ వైరస్ కూడా వెళ్తుంది.

గెల కోశాక తల్లి చెట్టు మళ్లీ కాయదు. దుంపలోని ఎదిగే మొన పువ్వుగా మారిపోయింది, ఇక దానికి ఆకు తీసే చోటు లేదు. అందుకే మొదటి నుంచీ ఒక్క పిలకను ఉంచుకుని మిగతావి కోసేయాలి, డ్రమ్ములో రెండు మూడింటికి తిండి చాలదు. గెల దిగాక తల్లి బోదెను వెంటనే నేలకు నరకకుండా సగానికి కోసి కొన్ని వారాలు ఉంచితే, అందులోని నీరూ పోషకాలూ నెమ్మదిగా దుంప ద్వారా పిలకకు దిగుతాయి.