రొయ్య పడకపోతే తప్పు పెంకుదా? కండదా?

ఘంటసాల నుంచి దివిసీమ దాకా గోంగూర రొయ్యలంటే లొట్టలు వేయనివారు అరుదు. అయితే కొందరికి రెండు ముద్దలు తినగానే పెదవులు దురద పెడతాయి, ఒంటినిండా దద్దుర్లు లేస్తాయి. "పెంకు సరిగా ఒలవలేదు, అందుకే పడలేదు" అని ఇంట్లో పెద్దవాళ్లు తేల్చేస్తారు. మరుసటి వారం శుభ్రంగా ఒలిచి మళ్లీ వండిపెడతారు. ఇది ప్రమాదం.

రొయ్య పెంకులో కైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. దాన్ని కొన్ని మాంసకృత్తులు అంటిపెట్టుకుని ఉంటాయి. ఏ మాంసకృత్తి ఎంత అంటుకుంటుందో ప్రయోగశాలలో తేల్చవచ్చు. శుద్ధిచేసిన కైటిన్ పొడిని మాంసకృత్తి కలిపిన ద్రవంలో వేసి కొంతసేపు కదుపుతారు. తర్వాత యంత్రంలో గిర్రున తిప్పితే పొడి అడుక్కి దిగుతుంది. పైన తేరిన ద్రవంలో మాంసకృత్తి ఎంత తగ్గితే, అంత కైటిన్‌కు అంటుకున్నదన్నమాట. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పొదిలె అప్పారావు బృందం బాక్టీరియాల్లోని ఇలాంటి మాంసకృత్తులను పరీక్షించి 2013లో ఫలితాలు ప్రచురించింది.

మరి ఎలర్జీకి కారణం పెంకేనా? ప్రధానంగా కాదు. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పి.వి. సుబ్బారావు, ఆయన సహచరులు రొయ్య ఎలర్జీకి ముఖ్య కారణం ట్రోపోమయోసిన్ అని 1993లో తేల్చారు. అది కండలో ఉండే మాంసకృత్తి. ఉడికించినా దాని గుణం పోదు. కనుక పెంకు ఒలిచినా, ఎర్రగా వేయించినా పడనివారికి పడదు.

ఇలాంటివారు రొయ్యలతోపాటు ఎండు రొయ్యలు, రొయ్యపొట్టు, రొయ్యల పచ్చడి కూడా మానాలి. పీతలు కూడా పడకపోవచ్చు. చేపల సంగతి వేరు, చాలామందికి అవి పడతాయి. అయితే రొయ్యలు వేయించిన నూనెలో చేపలు వేయించవద్దు. మోకాళ్ల నొప్పులకు వాడే గ్లూకోసమైన్ మాత్రలను చాలావరకు ఈ పెంకుల నుంచే తయారుచేస్తారు. తయారీలో మాంసకృత్తులను తొలగిస్తారు గాని, డాక్టరును అడగకుండా వాడవద్దు.

రొయ్యలు తిన్నాక గొంతు బిగుసుకున్నా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా మజ్జిగ తాగించి చూద్దామని కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. అప్పుడు ప్రాణం నిలిపేది ఎడ్రినలిన్ ఇంజక్షన్. దద్దుర్లతో పోయినవారు కూడా ఎలర్జీ డాక్టరుకు చూపించుకోవాలి. ఈసారి దద్దుర్లతో సరిపెట్టిన రొయ్య, మరోసారి ఊపిరి అందకుండా చేయవచ్చు.